చివరి అడుగు నీరు: కొల్లేటిలోకి దిగే భాస్వరం మీద ఒక కేస్ స్టడీ

కొల్లేరు అనగానే మన దగ్గర మాట కాంటూరు మీదకి, అంటే సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీత మీదకి వెళ్తుంది. 1999లో సముద్రమట్టానికి +5 అడుగుల కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు జోక్యంతో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. 2008లో శాసనసభ సరిహద్దుని +3కి, అంటే 135 చదరపు కిలోమీటర్లకి కుదించాలని తీర్మానించింది. ఇన్నేళ్ళుగా కోర్టుల్లోనూ, ఊళ్ళలోనూ, ఎన్నికల సభల్లోనూ నలుగుతున్నది ఒకటే: గీత ఎక్కడ ఉండాలి? ఆ గీతకి బయట, పూర్తి అనుమతులతో ఉన్న చెరువు పట్టుబడి రోజున, అంటే చేపలు పట్టి అమ్మే రోజున, తూము తీస్తే ఆ నీరు ఎటు పోతుంది అని అడిగేవాళ్ళు చాలా తక్కువ. పల్లానికే పోతుంది. పల్లం కొల్లేరే.

నేను కైకలూరు, ఆకివీడు వైపు చేపల రైతులకి నీటి పరీక్షలు చేసి, మేత లెక్కలు చూసే పనిలో ఉన్నాను. ఈ కేసు ఒక డ్రెయిన్‌ది, దానికి రెండు వైపులా +5కి బయట ఉన్న చెరువులది. ఊరి పేరు, డ్రెయిన్ పేరు రాయడం లేదు. రైతులు వద్దన్నారు, వాళ్ళ భయం నాకు అర్థమైంది. ఇక్కడ చెప్పేది ఆ ఒక్క డ్రెయిన్‌కే చెందిన సంగతి కూడా కాదు.

ముందు చోటు సంగతి

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో కొల్లేరు ఉంది. మెట్ట వైపు నుంచి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వస్తాయి. రెండు డెల్టాల నుంచి మురుగు డ్రెయిన్లు, కాలువల చివర్లు కలిపితే అరవైకి పైగా దీంట్లోకే దిగుతాయి. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. సుమారు 60 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలుస్తుంది, అది కూడా పూడిక పడి, చోటచోట ఇరుకైపోయి ఉంది. వచ్చే దారులు అన్నేసి ఉండి పోయే దారి ఒకటే ఉంటే, నీటితో పాటు వచ్చిన సరుకు లోపల ఎక్కువ కాలం నిలబడిపోతుంది.

పైగా కొల్లేరు పెద్ద పళ్ళెం లాంటిది, విస్తారమే తప్ప లోతు లేదు. చాలా చోట్ల ఎండ దాదాపు అడుగుదాకా వెళ్తుంది. గాలి తిరిగితే అడుగు బురద పైకి లేస్తుంది. లోతైన జలాశయంలో అయితే అడుక్కి చేరిన భాస్వరం చాలాకాలం అక్కడే పడి ఉండొచ్చు. ఇక్కడ అది గాలికీ, ఎండకీ, చేపలు బురద కెలకడానికీ మళ్ళీ నీళ్ళలోకి వచ్చేస్తుంది. వేసవిలో అంచులు ఎండి నెర్రెలిచ్చి, తొలకరికి మళ్ళీ తడిసినప్పుడు ఆ మట్టి వదిలే భాస్వరం ఇంకొంత.

నాచు పెరగడానికి భాస్వరంతో పాటు నత్రజని కూడా ముఖ్యమే. కానీ నీలి-ఆకుపచ్చ నాచుల్లో కొన్ని రకాలు గాలిలోని నత్రజనిని తామే పట్టుకోగలవు. భాస్వరానికి అలాంటి దొడ్డిదారి లేదు, అది నేల మీద నుంచే రావాలి. అందుకే నేను ముందు భాస్వరం లెక్క వేస్తాను. ఒక చెరువు నీటిలో మొత్తం భాస్వరం లీటరుకి 0.1 మిల్లీగ్రాము దాటితే, ప్రపంచమంతా వాడే ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) కొలత ప్రకారం అది మితిమీరిన పోషకాలున్న నీరు. అంటే ఒక్క కిలో భాస్వరం కోటి లీటర్ల శుభ్రమైన నీటిని ఆ హద్దు దాకా తీసుకెళ్ళగలదు. ఈ లెక్క రైతులకి చెప్పినప్పుడల్లా ఒక నిమిషం ఎవరూ మాట్లాడరు. కిలో అంటే వాళ్ళకి చాలా చిన్న మాట. కోటి లీటర్లు అంటే ఎన్ని ఎకరాల చెరువో వాళ్ళకి తెలుసు.

మేత బస్తాలోంచి బురదలోకి

మా వైపు రోహు, కట్ల సాగు ఎలా జరుగుతుందో తెలియని వాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. ప్లాస్టిక్ బస్తాలకి అడుగున చిల్లులు పెట్టి, నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్కో పత్తి చెక్కో కలిపి నింపి, చెరువులో పాతిన కర్రలకి కట్టి వేలాడదీస్తారు. చేపలు కిందికి వచ్చి ఆ చిల్లుల్ని పొడుచుకుంటూ తింటాయి. పొద్దున్నే పడవ మీద వెళ్తే ఒక్కో బస్తా చుట్టూ నీరు కుతకుతలాడుతూ కనిపిస్తుంది. మేత వృథా కాకుండా మన రైతులు తామే కనిపెట్టుకున్న పద్ధతి ఇది, నాకు దాని మీద గౌరవం ఉంది. విసిరే మేతతో పోలిస్తే చాలా మేలు.

చిక్కంతా తవుడులో ఉంది. నూనె తీసిన తవుడులో భాస్వరం సుమారు 1.5 శాతం. దాంట్లో ఎక్కువ భాగం ఫైటేట్ అనే, తేలిగ్గా అరగని రూపంలో ఉంటుంది. రోహుకీ కట్లకీ కడుపు సంచి లేదు, ఫైటేట్‌ని విడగొట్టే ఎంజైమూ సరిపడా లేదు. తిన్నదాంట్లో ఆ భాస్వరం చాలావరకు అలాగే బయటికి వచ్చేస్తుంది.

ఒక పెద్దాయనతో, నలభై ఏళ్ళుగా చెరువులు చేస్తున్న మనిషితో, ఈ మాట చెప్పినప్పుడు నమ్మలేదు.

"తవుడు తింటేనే కదా బాబూ చేప పెరిగేది? బస్తాలో గింజ మిగలదు. ఇంక పోయేదేంటి?"

"తింటుంది బాబాయ్ గారూ, అరిగేది కొంచెమే. మిగతాది మీ చెరువు అడుగునే ఉంది."

చేతిలెక్క ఇలా వేసి చూపించాను. టన్ను చేప తీయాలంటే సుమారు మూడు టన్నుల తవుడు పోతుంది. మూడు టన్నుల్లో భాస్వరం 45 కిలోలు. పట్టుకుని లారీ ఎక్కించిన టన్ను చేప ఒంట్లో ఉండేది ఆరు కిలోలు. మిగిలిన 39 కిలోలు చెరువులోనే ఉండిపోయాయి. చెక్క పాళ్ళు ఎక్కువైతే, మేత బాగా కలిసొస్తే అంకె కొంత దిగుతుంది. కానీ మాట మారదు: చెరువుకి పెట్టిన భాస్వరంలో అధికభాగం చేపతో కలకత్తా వెళ్ళదు, ఇక్కడే ఉంటుంది. దీని మీద కోళ్ళ ఎరువు, యూరియా, సూపర్ ఫాస్ఫేట్ వేసేవాళ్ళ లెక్క వేరే.

నయం ఏమిటంటే, చెరువు మట్టి దీన్ని చాలావరకు పట్టి ఉంచుతుంది. మన బంకమట్టిలోని ఇనుము, అల్యూమినియం, కాల్షియం భాస్వరాన్ని కట్టేస్తాయి. చెరువు నిండా నీళ్ళున్నంత కాలం, తూము మూసి ఉన్నంత కాలం, అదంతా గట్టు లోపలే. ఆ 39లో పదో వంతే డ్రెయిన్‌లోకి జారిందనుకుందాం, టన్ను చేపకి నాలుగు కిలోలు. అదే నాలుగు కోట్ల లీటర్లకి సరిపోతుంది.

అది జారేది ఎప్పుడు? ఈ కేసులో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే.

పట్టుబడి రోజు

పట్టుబడికి ముందు నీరు తగ్గిస్తారు. మొదటి రోజుల్లో తూములోంచి పోయేది పచ్చటి నీరు, నాచు ఉన్నా మట్టి తక్కువ. తర్వాత వల లాగుతారు. మనుషులు నడుము లోతులో దిగి, వల అంచుని కాళ్ళతో తొక్కిపెట్టి లాక్కుంటూ వస్తారు. అడుగంతా కలియబడుతుంది. ఆఖరికి మోకాలి లోతు, ఆ తర్వాత అడుగు నీరు మిగిలినప్పుడు మోటారు పెట్టి తోడేస్తారు. ఆ నీరు నల్లగా, చిక్కగా, కుళ్ళు వాసనతో ఉంటుంది.

ఒకే సైజు గాజు సీసాలు తీసుకుని మూడు దశల్లో నీరు పట్టాం: తూము తీసిన మొదట్లో, సగం దిగాక, చివరి అడుగు తోడేటప్పుడు. రాత్రంతా కదపకుండా గట్టు మీద షెడ్డులో పెట్టాం. పొద్దున చూస్తే మొదటి సీసా అడుగున సన్నటి పొర, రెండోదాంట్లో కాస్త మందం. మూడోదాంట్లో అడుగునుంచి పైకి బాగా ఎత్తుగా నల్లటి బురద పేరుకుంది. ల్యాబ్‌కి పంపిన నమూనాల్లో మొత్తం భాస్వరం కూడా అదే వరుసలో పెరిగింది. ఇది కొత్త సంగతి కాదు. చేపల చెరువుల మీద పనిచేసినవాళ్ళు ప్రపంచంలో చాలా చోట్ల చూసిందే: నీటి పరిమాణంలో చివరి ఐదో వంతు మోసుకుపోయే సరుకు మిగతా నీటితో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ పుస్తకంలో ఉన్నది వేరు, సొంత చెరువు నీరు సొంత షెడ్డులో సీసాలో కనిపించడం వేరు. పెద్దాయన ఆ మూడో సీసాని ఎత్తి వెలుతురుకి పట్టి చాలాసేపు చూశారు. "ఇదంతా నా డబ్బే కదా" అన్నారు. నిజమే, మేత రూపంలో కొన్నదే.

దీనికి కాలం కూడా తోడవుతుంది. దాళ్వా (రెండో పంట వరి) అయ్యాక కాలువలు కట్టేస్తారు. డ్రెయిన్లలో పారే నీరు అడుగంటుతుంది. సరిగ్గా ఆ వేసవి వారాల్లోనే చాలామంది చెరువులు దించుతారు, ఎండగట్టుకోవాలి కాబట్టి. అంటే డ్రెయిన్‌లో కలుపుకోవడానికి వేరే నీరు లేని రోజుల్లో, ఒకరి తర్వాత ఒకరు, చివరి అడుగు నల్లనీరు వదులుతున్నారు. కొల్లేటిలో కూడా అప్పుడే నీరు తక్కువ, ఎండ ఎక్కువ. నాచుకి ఇంతకన్నా అనువైన రోజులుండవు. నాచు పట్టిన నీటిలో మధ్యాహ్నం ఆక్సిజన్ పొంగుతుంది, తెల్లవారుజామున పడిపోతుంది. పైకొచ్చి గాలి పీల్చుకోగల కొరమీను, మార్పు అనే చేప లాంటివి బతికిపోతాయి. మిగతా జాతులకి ఆ వెసులుబాటు లేదు. వల వేసి బతికే లంక గ్రామాల వాళ్ళకి తెల్లచేప దొరకడం లేదంటే అందులో ఈ తెల్లవారుజాముల పాత్ర కొంత ఉంది.

ఏం చేశాం

చేసిన పనుల్లో ఖరీదైనది ఏదీ లేదు. మొదటిది, చివరి మోకాలి లోతు నీటిని డ్రెయిన్‌లోకి తోడకూడదని ఒప్పందం. పక్క చెరువు ఖాళీగా ఉండి తయారవుతుంటే దాంట్లోకి, లేదంటే చేపపిల్లని పెంచే నర్సరీ చెరువులోకి తోడాలి. కొన్ని రోజులు కదపకుండా నిలబెడితే బురద దిగిపోతుంది. పక్క రైతుకి దీనివల్ల లాభమే: వేసవిలో కాలువ నీటి కోసం టెన్షన్ పడక్కర్లేదు, ప్లాంక్టన్ (చేపలు తినే సూక్ష్మజీవులు) పట్టిన నీరు ఉచితంగా దొరుకుతుంది, ఎరువు వేయక్కర్లేదు. ఒక షరతు మాత్రం గట్టిగా పెట్టాం. దించే చెరువులో చేప పేను గానీ, ఎర్రమచ్చల జబ్బు గానీ కనిపించి ఉంటే ఆ నీరు పక్క చెరువుకి వెళ్ళకూడదు, సొంత నర్సరీలోనే నిలబెట్టాలి. ఈ షరతు లేకుండా ఈ సలహా ఎవరికీ ఇవ్వకండి. ఒక్క చెరువు నుంచి ఇంకోదానికి జబ్బు పాకిందంటే ఆ ఊళ్ళో మళ్ళీ మీ మాట వినేవాళ్ళు ఉండరు.

రెండోది ఎరువు. మోచేయి వరకు చేయి నీళ్ళలో ముంచి అరచెయ్యి చూడమన్నాం. అరచెయ్యి కనిపించకపోతే సూపర్ ఫాస్ఫేటూ వద్దు, కోళ్ళ ఎరువూ వద్దు. మేత మొదలెట్టిన నెలల తర్వాత ఈ చెరువుల్లో అరచెయ్యి కనిపించడం అరుదు. అయినా అలవాటుగా బస్తాలు వేస్తూనే ఉన్నారు. ఇది ఆపడం అన్నిటికన్నా తేలికైంది, ఎందుకంటే వెంటనే డబ్బు మిగులుతుంది.

మూడోది ఎండిన చెరువు బురద. దాన్ని తీసి గట్టు మీదే వేస్తారు, గట్టు బలపడుతుందని. డ్రెయిన్ వైపు గట్టు మీద వేసింది తొలకరి వానకే డ్రెయిన్‌లో ఉంటుంది. లోపలి గట్ల మీదకి, కొబ్బరి మొదళ్ళకి, వరి చేలకి తోలమన్నాం. వరి చేలోకి తోలినవాళ్ళు ఆ మేరకు డీఏపీ తగ్గించుకోవాలి, లేకపోతే ఒక చోటి బరువు ఇంకో చోటికి మార్చినట్టే అవుతుంది. ఇది అందరూ పాటించలేదు. ట్రాక్టరు కిరాయి అడ్డం వచ్చింది.

పట్టుబడులు ఒకే వారంలో పడకుండా వరుస వేసుకోమని కూడా అన్నాం గానీ అది సాగలేదు. ధర ఉన్నప్పుడే పడతారు, లారీ దొరికినప్పుడే పడతారు. దాన్ని నేను తప్పుపట్టను.

మారింది, మారనిది

నీరు నిలబెట్టిన చోట్ల పట్టుబడి రోజుల్లో డ్రెయిన్ నల్లబడటం తగ్గింది. సీసా పరీక్షలో బురద ఎత్తు కంటికి తెలిసేంత పడిపోయింది. అయితే నిలబెట్టిన నీటిని వడగట్టి చేయించిన పరీక్షలో కరిగి ఉన్న భాస్వరం పెద్దగా తగ్గలేదు. తగ్గదు కూడా. నిలబెడితే దిగేది మట్టికి అంటుకున్న భాస్వరం. నీళ్ళలో కరిగింది అలాగే ఉంటుంది, పైగా అడుగున ఆక్సిజన్ లేని బురదలో ఇనుము పట్టు వదిలి భాస్వరం మళ్ళీ నీళ్ళలోకి రావచ్చు. అందుకే ఎక్కువ రోజులు ఊరికే నిలబెట్టి తర్వాత డ్రెయిన్‌లోకి వదలడం కన్నా, మళ్ళీ సాగుకి వాడుకోవడమే అసలు మందు అని ఇప్పుడు చెబుతున్నాను. బయటికి పోని నీరు కొల్లేటిని పాడుచేయదు.

డ్రెయిన్ కొల్లేటిలో కలిసే చోట నీటి రంగు మారలేదు. రైతులు అడిగారు, ఇంత చేశాక కూడా పచ్చగానే ఉందేమిటని. ఆశ పెట్టుకోవద్దని ముందే చెప్పాను. ఒక్క డ్రెయిన్‌లో కొన్ని చెరువులు మారితే అరవై దారులున్న చోట రంగు మారదు. అంతా ఒకేసారి ఆపినా, దశాబ్దాలుగా కొల్లేటి అడుగున చేరింది ఏళ్ళ తరబడి పైకి వస్తూనే ఉంటుంది.

పట్టణాల వాటా కూడా చెప్పాలి, లేకపోతే చేపల రైతునే దోషిగా నిలబెట్టినట్టు అవుతుంది. మురుగునీటిలో మనిషికి రోజుకి సుమారు ఒక గ్రాము భాస్వరం వస్తుంది. ఏలూరు జనాభా 2011 లెక్కల్లోనే రెండు లక్షల పైచిలుకు. అంటే రోజుకి 200 కిలోలు, ఏడాదికి 70 టన్నులు దాటుతుంది. తమ్మిలేరు ద్వారా ఆ ఊరి మురుగు వెళ్ళేది కొల్లేటికే. మామూలుగా మురుగుని శుద్ధి చేసినా, భాస్వరం కోసం ప్రత్యేకంగా ఏర్పాటు లేకపోతే చాలావరకు దాటిపోతుంది. బుడమేరు వెంట విజయవాడ వైపు నుంచి వచ్చేది దీనికి అదనం. చేపల చెరువు ఏడాదిలో కొన్ని రోజులు వదులుతుంది, పట్టణం ఆదివారం కూడా ఆగదు. డెల్టా వరి చేల నుంచి దిగేది ఎకరానికి ఈ చెరువులతో పోలిస్తే తక్కువే అయినా, ఎకరాలు ఎక్కువ. చేపల చెరువుల మీద ముందు పనిచేయడానికి నా కారణం వేరు: తూము ఎక్కడుందో, ఎవరు ఎప్పుడు తీస్తారో మనకి తెలుసు. పట్టుకోవడానికి ఒక చోటు దొరికింది.

గుర్రపుడెక్క గురించి

ప్రతి ఏడాది ఎక్కడో ఒకచోట గుర్రపుడెక్క తొలగించే పని జరుగుతుంది. ఫొటోలు కూడా బాగా వస్తాయి. దానివల్ల పడవలకి దారి దొరుకుతుంది, నీరు పారుతుంది, అది అవసరమే. భాస్వరం తీసేస్తున్నాం అనుకుంటే మాత్రం లెక్క చూడండి. పచ్చి గుర్రపుడెక్కలో 95 శాతం నీరే. టన్ను పచ్చిది ఎండితే 50 కిలోలు, దాంట్లో భాస్వరం సుమారు 0.4 శాతం, అంటే 200 గ్రాములు. టన్ను చేపకి జారిపోతున్న ఆ నాలుగు కిలోలు వెనక్కి తీయాలంటే 20 టన్నుల పచ్చి గుర్రపుడెక్క లాగాలి. లాగి గట్టు మీదే పోస్తే కుళ్ళి మొదటి వానకి మొత్తం తిరిగి నీళ్ళలోకి వెళ్తుంది. తీసింది తీసినట్టు దూరంగా తరలించి కంపోస్టు చేస్తేనే దానికి అర్థం. తూములో ఆపగలిగిన నాలుగు కిలోల కోసం కొల్లేటిలో 20 టన్నులు మోయడం ఎవరికైనా నష్టమే.

ఇంకా తేలనివి

తేలే గుళికల మేతకి మారితే లెక్క బాగా తగ్గుతుంది. టన్ను చేపకి టన్నున్నర మేత, దాంట్లో భాస్వరం ఒక శాతం చొప్పున 15 కిలోలు. 45 ఎక్కడ, 15 ఎక్కడ. కానీ కిలో గుళికల ధర తవుడు ధరకి అందనంత ఎక్కువ, రోహు ధర పడిపోయిన ఏడాది రైతు మళ్ళీ తవుడుకే వెళ్తాడు. ఫైటేట్‌ని విడగొట్టే ఫైటేజ్ ఎంజైమ్ తవుడులో కలపడం ఇంకో దారి. కోళ్ళ మేతలో అది మామూలైపోయింది. బస్తా కట్టి నీళ్ళలో నానే మేతలో ఎంజైమ్ ఎంతసేపు నిలుస్తుందన్నది మన చెరువుల్లోనే చూడాలి. ఇద్దరు రైతులు ఒక్కో చెరువు ఇస్తామన్నారు.

రెండోది అనుమతులది. +5కి బయట చేపల చెరువుకి అనుమతి ఇచ్చేటప్పుడు, నీరు నిలబెట్టడానికి అదే సర్వే నంబరులో కొంత చోటు వదలాలన్న షరతు పెట్టమని అడుగుతున్నాం. ఉన్న చెరువుల్లో ఆ చోటు లేక నర్సరీల మీద ఆధారపడుతున్నాం, పిల్ల పోసే నెలల్లో నర్సరీ ఖాళీగా దొరకదు. ఈసారి కాలువలు కట్టేలోపు ఎవరి నర్సరీ ఎప్పుడు ఖాళీ అవుతుందో డ్రెయిన్ వారీగా ఒక జాబితా రాసుకుంటున్నారు. మా డ్రెయిన్‌కి ఎగువన ఉన్నవాళ్ళు ఇంకా ఇందులో చేరలేదు, వాళ్ళతో మాటలు నడుస్తున్నాయి.